లెస్టర్‌లో పార్ట్‌టైమ్ పని: మొదటి జీతానికి 69 రోజులు

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మాస్టర్స్ ముగించుకుని పలాస వచ్చి మూడు వారాలైంది. ఈ మూడు వారాల్లో మా వీధి వాళ్లు, కాశీబుగ్గ వాళ్లు, మందస నుంచి ఒకమ్మాయి, అందరూ కలిపి ఏడుగురు ఇంటికొచ్చి దాదాపు ఒకే మాట అడిగారు. "అక్కా, యూకే వెళ్తే పార్ట్‌టైమ్ వెంటనే దొరికేస్తాదా? నెలకి లక్ష వస్తాదంట కదా?" ఏడుసార్లూ కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పాను. ఎనిమిదో మనిషి వచ్చేలోపు రాసి పెడదామనుకున్నాను. నోటితో చెప్పేటప్పుడు వాళ్ల అమ్మానాన్నలు పక్కనే ఉంటారు, వాళ్ల ముఖాలు చూస్తే కొన్ని మాటలు బయటికి రావడం లేదు.

ఆ లక్ష లెక్క నాకూ వైజాగ్‌లో ఒక కన్సల్టెన్సీలో బోర్డు మీద రాసి చూపించారు. వారానికి 20 గంటలు, గంటకి 11.44 పౌండ్లు, నాలుగు వారాలు, పౌండుకి 110 రూపాయలు. గుణిస్తే 1,00,672. మా నాన్న ఆర్టీసీలో కండక్టర్, పలాస డిపో, చిల్లర లెక్కలో పైసా తేడా వచ్చినా పట్టేసే మనిషి. ఆయన కూడా ఫోన్‌లో కొట్టి చూసి సరిపోయిందని తలూపారు. గుణకారంలో తప్పు లేదు మరి. వెళ్లిన వారం నుంచే 20 గంటల పని ఉంటుందని, ఏడాది పొడుగునా ఉంటుందని మాత్రం ఎవరూ రాసివ్వలేదు, మేమూ అడగలేదు.

2018 తిత్లీ తుఫానులో మాకున్న ఎకరం జీడితోట మొత్తం పడిపోయింది. కొత్త మొక్కలు వేశాం గానీ అవి కాపుకొచ్చేదాకా ఆగలేక, చదువొక్కటే దారి అనుకుని నాన్న ఇల్లు బ్యాంకులో పెట్టి 18 లక్షల లోన్ తీశారు. 2024లో వీసా ఫీజు 490 పౌండ్లు, అక్కడి ప్రభుత్వ వైద్యానికి ముందే కట్టే హెల్త్ సర్‌చార్జి 1,164 పౌండ్లు, ఇవి కట్టాక ఇంకోటి ఉంది. లండన్ బయట చదివేవాళ్లు అప్పట్లో నెలకి 1,023 చొప్పున తొమ్మిది నెలలకి 9,207 పౌండ్లు, 28 రోజులు ఖాతాలో ఉంచి చూపించాలి. "అది చూపించడానికేనండి, వాడక్కర్లేదు" అన్నారు కన్సల్టెన్సీ వాళ్లు. అందుకే వీసా రాగానే ఆ డబ్బులో చాలా భాగం అక్క పెళ్లి బాకీకి వెళ్లిపోయింది. నా చేతిలో 2,000 పౌండ్లు పెట్టి పంపారు. ఆ తొమ్మిది నెలల లెక్క ఊరికే పెట్టలేదని, పని దొరక్కపోయినా బతకాలి కాబట్టే పెట్టారని నాకు అక్టోబరులో తెలిసింది.

2024 సెప్టెంబరు 14, శనివారం దిగాను. లెస్టర్‌లో మేం నలుగురం ఒక ఇంట్లో, టెక్కలి అమ్మాయి, బొబ్బిలి అమ్మాయి, గుంటూరు అక్క, నేను. నా వంతు అద్దె నెలకి 340, కరెంటు, గ్యాస్, నీళ్లు అందులోనే. డిపాజిట్ ఇంకో 340. వేరే చోట్ల అడిగితే, యూకేలో గ్యారంటీ ఇచ్చే మనిషి లేకపోతే ఆరు నెలల అద్దె ముందే కట్టాలన్నారు. ఈ ఇల్లు గుంటూరు అక్క తీసుకున్నది కాబట్టి బతికిపోయాను.

పని వెతకడానికి ముందు మూడు కాగితాలు కావాలనుకున్నాను, వాటికే నెల పోయింది. మొదటిది బీఆర్‌పీ, అంటే వీసా వివరాలుండే కార్డు, సెప్టెంబరు 20న చేతికొచ్చింది. తీసి చూస్తే గుండె ఆగినంత పనైంది. నా వీసా 2026 జనవరి వరకు ఉండాలి, కార్డు మీద 31 డిసెంబరు 2024 అని ఉంది. ఆ రాత్రి నిద్ర లేదు. పొద్దున్న యూనివర్సిటీలో అడిగితే, కార్డులన్నీ ఆ తేదీకే ఆపేసి ఆన్‌లైన్ వీసాకి మారుతున్నారని, కంగారు పడొద్దని చెప్పారు. ఇప్పుడు వెళ్లేవాళ్లకి ఈ కార్డు గొడవే లేదు, మొదటి నుంచి ఈవీసానే. రెండోది బ్యాంకు ఖాతా. పెద్ద బ్యాంకులో అపాయింట్‌మెంట్ రెండు వారాల తర్వాత ఇస్తామన్నారు, ఫోన్‌లోనే తెరిచే ఖాతా మూడు రోజుల్లో వచ్చింది. మూడోది నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్, జీతంలో కోతల లెక్క కోసం ప్రభుత్వం ఇచ్చేది. సెప్టెంబరు 26న ఆన్‌లైన్‌లో పెట్టాను, ఉత్తరం అక్టోబరు 22న వచ్చింది, 26 రోజులు. దానికి ఫీజేమీ లేదు, ఎవరైనా తీసి పెడతామని డబ్బడిగితే ఇవ్వొద్దు. ఇంకో మాట, ఆ నంబర్ రాకముందే పనిలో చేరొచ్చు, పని చేసే హక్కు ఉందని చూపిస్తే చాలు. ఇది నాకు తెలియక మొదటి రెండు వారాలు ఎక్కడా అడగనే లేదు.

సీవీ పట్టుకుని తిరగడం సెప్టెంబరు 28న మొదలుపెట్టాను. బెల్‌గ్రేవ్ రోడ్‌ని అక్కడ గోల్డెన్ మైల్ అంటారు, గుజరాతీ వాళ్ల చీరల షాపులు, బంగారం షాపులు, మిఠాయి దుకాణాలు. మన వాళ్ల షాపులే కదా, ఎవరో ఒకరు తీసుకుంటారని ధైర్యం. ఒక చివర నుంచి ఇంకో చివరికి ప్రతి గుమ్మం ఎక్కాను. చాలామంది మర్యాదగానే కాగితం తీసుకున్నారు. ఒక మిఠాయి షాపులో కౌంటర్ కింద చూశాను, నాలాంటి వాళ్లిచ్చిన సీవీలు ఇంత ఎత్తున పేర్చి ఉన్నాయి. ఆ కట్ట చూశాక బయటికొచ్చి బస్సు స్టాపులో చాలాసేపు కూర్చుండిపోయాను. మొత్తం 63 షాపుల్లో ఇచ్చాను, ఆన్‌లైన్‌లో వందకి పైన పెట్టాను. వచ్చిన జవాబులు 14, అన్నీ సారీ అనే.

నా సీవీలోనే తేడా ఉందని యూనివర్సిటీ కెరీర్స్ ఆఫీసులో ఒకావిడ చెప్పింది. మూడు పేజీలు, పైన ఫోటో, పుట్టిన తేదీ, నాన్న పేరు, కింద పై వివరాలన్నీ నిజమని సంతకం. ఇవన్నీ తీసేయించింది. ఒక్క పేజీ చాలు, పైనే వారంలో ఏ రోజు ఏ గంటలు ఖాళీయో రాయమంది. పని అనుభవం ఏముందని అడిగితే ఏమీ లేదన్నాను. వేసవి సెలవుల్లో ఏం చేసేదానివని మళ్లీ అడిగింది. మా పిన్ని వాళ్లకి పలాసలో జీడిపప్పు షాపు ఉంది, అక్కడ గ్రేడింగు, ప్యాకింగు చేసేదాన్ని, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 విడదీయడం, తూకం, బిల్లు. ఆ మాట చెప్తే ఆవిడ పెన్ను కింద పెట్టి, ఇది రాయకుండా ఇన్నాళ్లూ ఏం రాశావమ్మా అన్నట్టు చూసింది. మీ ఇంట్లో కిరాణా కొట్టు ఉన్నా, రైస్‌మిల్లులో బస్తాల లెక్క రాసినా, పెళ్లిళ్లలో క్యాటరింగ్ వాళ్లతో వడ్డించినా అది అనుభవమే, రాయండి.

అక్టోబరు 12 దసరా. ఆ రోజు నేను ఇంటికి అబద్ధం చెప్పాను. వీడియో కాల్‌లో అమ్మ, నాన్న, నానమ్మ, పక్కింటి వాళ్లు కూడా ఉన్నారు. అమ్మ మొదటి మాటే, "పని దొరికిందేటమ్మా?" అంది. పక్కింటి ఆవిడ వింటోంది. దొరికిందమ్మా, ఒక షాపులో అని చెప్పేశాను. అమ్మ ముఖం వెలిగిపోయింది. నానమ్మ మాత్రం, "ఓలమ్మ, ఏటి గుంట ఇలాగ సిక్కిపోనావు, అన్నం తింతన్నావా?" అంది. కాల్ పెట్టేశాక ఖాతాలో ఎంతుందో చూసుకున్నాను, 512 పౌండ్లు. ఆ రోజు నుంచి నేను పొద్దున రెండు బ్రెడ్డు ముక్కలు, రాత్రి అన్నం, మధ్యాహ్నం ఏమీ లేదు. ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఇప్పుడు ఫోన్‌లో నవ్వుతూ కనబడుతున్న మీ పిల్లలు కూడా ఇలాగే చెప్తూ ఉండొచ్చు. పక్కన ఎవరూ లేనప్పుడు అడగండి.

తర్వాతి వారం ఒక రెస్టారెంటులో ట్రయల్ అన్నారు. మూడు సాయంత్రాలు, మొత్తం 11 గంటలు, గిన్నెలు తోమడం, ఉల్లిపాయలు తరగడం, టేబుళ్లు తుడవడం. మూడో రోజు రాత్రి డబ్బుల సంగతి అడిగితే ట్రయల్‌కి ఇవ్వం, రేపటి నుంచి వస్తే గంటకి 5 పౌండ్లు చేతికి ఇస్తాం, బిల్లూ రసీదూ ఉండదు అన్నారు. 21 ఏళ్లు నిండినవాళ్లకి అప్పుడు చట్టం ప్రకారం 11.44 ఇవ్వాలి. ఆ మాట అంటే, నీ ఇష్టం, బయట పది మంది ఉన్నారన్నారు. ఆ రాత్రి ఇంటికి నడుచుకుంటూ వచ్చాను, బస్సు టికెట్ 2 పౌండ్లు పెట్టబుద్ధి కాలేదు. నా ఒంట్లో శక్తి పోయినందుకు కాదు గానీ, ఆ ముగ్గురు వంటవాళ్లు నాతో ఎంత ప్రేమగా మాట్లాడారో, వాళ్లు కూడా ఆ 5 పౌండ్లకే చేస్తున్నారని తెలిసి ఏడుపొచ్చింది.

అక్టోబరు 23న ఒకతను ఫోన్ చేశాడు, తెలుగే మాట్లాడాడు. 200 పౌండ్లు పంపితే వేర్‌హౌస్‌లో పెట్టిస్తానన్నాడు. పంపడానికి వేలు వరకు వెళ్లింది. గుంటూరు అక్క ఫోన్ లాక్కుంది. పని వెతికి పెట్టినందుకు పనివాళ్ల దగ్గర ఫీజు తీసుకోవడం అక్కడ చట్టవిరుద్ధం. కంపెనీలకి పనివాళ్లని పంపే నిజమైన ఏజెన్సీ ఏదీ మన దగ్గర పైసా అడగదు, వాళ్లకి డబ్బు కంపెనీ ఇస్తుంది. ఇంకొందరు ఫుడ్ డెలివరీ చేసుకో, నా అకౌంటు అద్దెకిస్తానంటారు. స్టూడెంట్ వీసా మీద సొంతంగా పని చేసుకునే పద్ధతి ఏదీ కుదరదు, డెలివరీ యాప్‌లు అందులోకే వస్తాయి. ఇంకొకరి అకౌంటు మీద చేయడమైతే ఇంకా పెద్ద తప్పు. దొరికితే వీసా పోతుంది. మీ ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయి కదా, అది గుర్తుపెట్టుకుని కాదని చెప్పండి.

మర్నాడు, అక్టోబరు 24న, ఒక ఏజెన్సీ ఆఫీసుకి వెళ్లి పేరు రాయించుకున్నాను. కౌంటర్‌లో అమ్మాయి కార్డు చూసి డిసెంబరు వరకే ఉందే అంది. అప్పటికి నాకు తెలుసు కాబట్టి, నా వీసా వివరాలు వాళ్లు ఆన్‌లైన్‌లో చూసుకునే షేర్ కోడ్ తీసి ఇచ్చాను. పని కోసం తీసే కోడ్ డబ్ల్యూ అక్షరంతో మొదలవుతుంది, 90 రోజులు పనిచేస్తుంది. ఆమె కొట్టి చూసింది, 2026 జనవరి అని వచ్చింది. తర్వాత ఒక చిన్న లెక్కల పరీక్ష, బరువు ఎలా ఎత్తాలో వీడియో. ప్యాకింగ్ తెలుసా అంటే జీడిపప్పు సంగతి చెప్పాను, బాగుంది అని రాసుకుంది. వేళ్ల దగ్గర ఇనుప తొడుగున్న సేఫ్టీ షూ నేనే కొనుక్కోవాలంది, 22 పౌండ్లు. పని ఎప్పుడంటే ఫోన్ చేస్తాం అంది.

ఫోన్ రావడానికి 18 రోజులు పట్టింది. నవంబరు 11, సోమవారం సాయంత్రం. బ్లాక్ ఫ్రైడే డిస్కౌంటు అమ్మకాలకి మనుషులు కావాలి, బుధవారం రాగలవా అని. నేను దిగిన 60వ రోజు నా మొదటి షిఫ్టు. ముందు రోజు రాత్రి ఖాతాలో 131 పౌండ్లున్నాయి.

పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 2 వరకు. లటర్‌వర్త్ వైపు గోడౌన్లు, ఆ టైముకి బస్సు లేదు, మన తెలుగబ్బాయి ఒకతను కారులో నలుగుర్ని తీసుకెళ్తాడు, రోజుకి 5 పౌండ్లు. తెల్లారి 4:50కి మా సందు చివర నిలబడాలి. చేతిలో స్కానర్ ఉంటుంది, అది ఏ అరకి వెళ్లమంటే ఆ అరకి, గంటకి ఎన్ని వస్తువులు తీశామో అందులోనే లెక్క పడుతుంది. మొదటి రోజు నా ఫోన్‌లో 17 కిలోమీటర్లు నడిచినట్టు చూపించింది. అట్టపెట్టెల అంచులు కోసుకుని వేళ్లన్నీ గీతలు. రాత్రి వీడియోలో నానమ్మ నా చేతులు చూసేసింది. నానమ్మ పాతికేళ్లు జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టింది, ఆ జీడి సొన తగిలి తన వేళ్లు ఇప్పటికీ నల్లగానే ఉంటాయి. షాపులో కూర్చుంటే చేతులు ఇలా అవవని ఆమెకి చెప్పక్కర్లేదు. ఏమీ అడగలేదు. "ఆముదం దొరుకుతాదా అక్కడ? రాసుకోయే" అంది, అంతే. గోల్డెన్ మైల్‌లో ఆముదం దొరికింది.

ఇప్పుడు ఆ 20 గంటల సంగతి. క్లాసులున్నన్నాళ్లు స్టూడెంట్ వీసా మీద వారానికి అంతకు మించి పని చేయకూడదు. షిఫ్టు 8 గంటలు, అందులో అరగంట బ్రేక్‌కి డబ్బుండదు, కాబట్టి ఏడున్నర. రెండు షిఫ్టులు చేస్తే 15 గంటలు. మూడోది చేస్తే 22.5, అంటే హద్దు దాటిపోయినట్టే. సగం షిఫ్టు ఎవరూ ఇవ్వరు. అందుకని 20 గంటల అనుమతి ఉన్నా నాకు వచ్చింది వారానికి 15 గంటలే, 171 పౌండ్ల 60 పెన్స్. బోర్డు మీద లక్ష అక్కడే 75 వేలైపోయింది. వారం అంటే సోమవారం నుంచి ఆదివారం, ఒక వారం తక్కువ చేసి ఇంకో వారం ఎక్కువ చేస్తామంటే కుదరదు, రెండు చోట్ల చేస్తే రెండూ కలిపి 20.

మొదటి జీతం నవంబరు 22, శుక్రవారం, దిగిన 69వ రోజు. 171.60 రావాల్సింది, పడింది 137.28. ఐదో వంతు పన్ను కోసేశారు. ఏడాదికి 12,570 దాటితేనే కదా పన్ను అనుకుంటే, తప్పు నాదే. చేరేటప్పుడు నింపిన కాగితంలో ఇదే నా మొదటి పని అనే 'A' గడి బదులు, వేరే పని కూడా ఉంది అనే 'C' గడికి టిక్కు పెట్టాను. దాంతో టాక్స్ కోడ్ బీఆర్ అని వచ్చింది, అంటే మొదటి పౌండు నుంచే 20 శాతం. పేస్లిప్ మీద మామూలు కోడ్ 1257ఎల్ అని ఉందో లేదో మొదటి వారమే చూసుకోండి. ఆన్‌లైన్‌లో పన్ను ఖాతా తెరిచి సరిచేస్తే, డిసెంబరు 20 జీతంలో నాలుగు వారాల కోత మొత్తం వెనక్కొచ్చింది. అది కూడా 137.28, సరిగ్గా మొదటి వారం చేతికొచ్చినంత. ఆ రోజు చికెన్ కొని నలుగురం వండుకున్నాం.

క్రిస్మస్ సెలవుల్లో పూర్తి సమయం చేయొచ్చు, కాకపోతే సెలవుల తేదీలు యూనివర్సిటీ నుంచి తెచ్చి ఏజెన్సీకి ఇవ్వాలి. ఒక వారం 37.5 గంటలు చేశాను, 429 పౌండ్లు, నేషనల్ ఇన్సూరెన్స్ 14.96 పోను 414. తర్వాతి వారం మూడు షిఫ్టులు. ఆ తర్వాత మెసేజ్ రాలేదు. మధ్యాహ్నం నాలుక్కే చీకటి పడే ఆ రోజుల్లో ఫోన్ పట్టుకుని కూర్చునేదాన్ని. జనవరి 8న ఒక్కసారి రమ్మన్నారు, గేటు దాకా వెళ్లాక ఈ రోజు సరుకు లేదని పన్నెండు మందిని వెనక్కి పంపేశారు. కారుకి ఇచ్చిన 5 పౌండ్లు కూడా నావే. జీరో అవర్స్ కాంట్రాక్టు అంటే ఇదే, పని ఇచ్చి తీరతామని అందులో ఎక్కడా ఉండదు.

జనవరి 14, సంక్రాంతి. ఇంట్లో అరిసెలు చూపిస్తూ అమ్మ మాట్లాడుతుంటే నాకు ఆగలేదు. దసరా నాడు చెప్పింది అబద్ధమని, ఇప్పుడూ పని లేదని చెప్పేశాను. అమ్మ ఏడ్చింది. నాన్న ఫోన్ తీసుకుని బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు. "నాకు తెలుసమ్మా. మొదటి జీతం వస్తే ఎంతొచ్చిందో నువ్వు చెప్పకుండా ఉంటావా? అక్టోబరంతా నువ్వు ఆ మాటే ఎత్తలేదు" అన్నారు. మర్నాడు ఫ్రెండ్ దగ్గర చేబదులు తీసుకుని 25,000 పంపారు. ఆ డబ్బు ఖాతాలో పడ్డ మెసేజ్ ఇప్పటికీ తీసేయలేదు.

ఆ నెల ఇంకొకటి ఆదుకుంది. బొబ్బిలి అమ్మాయి, ఏజెన్సీని హాలిడే పే అడిగావా అంది. నాకు తెలియదు. చేసిన గంటల మీద 12.07 శాతం సెలవు కింద జమవుతుందట. నేను చేసినవి 135 గంటలు. మెయిల్ పెడితే వారంలో 186 పౌండ్లు వేశారు. అడక్కపోతే ఎప్పటికి వేసేవాళ్లో తెలియదు.

జనవరి 20న యూనివర్సిటీ జాబ్స్ పేజీలో క్యాంటీన్ అసిస్టెంట్ పోస్టు కనబడింది, ఆ పేజీ రోజూ పొద్దున చూడాలని కెరీర్స్ ఆవిడ ముందే చెప్పింది. 31న ఇంటర్వ్యూ, ఫిబ్రవరి 10న చేరాను. కానీ అక్కడ నెల జీతం, గంటల లెక్క ఆలస్యంగా కడతారు, మొదటి డబ్బు మార్చి 28న వచ్చింది, మళ్లీ 46 రోజులు. ఈ రెండో ఎదురుచూపు గురించి ఎవరూ చెప్పరు, ముందే దాచుకోండి. పని మాత్రం మనసుకి నచ్చింది. వారానికి 14 నుంచి 16 గంటలు, క్లాసులకి తగ్గట్టు సర్దుతారు, మిగిలిన భోజనం ఇంటికి పట్టుకెళ్లనిచ్చేవాళ్లు. పెద్దావిడ సూపర్‌వైజర్, పుట్టింది పెరిగింది లెస్టర్‌లోనే, నన్ను 'మి డక్' అని పిలిచేది. బాతు అంటోందేంటని మొదటి రోజు బాధపడ్డాను. అక్కడ అందరినీ అలాగే పిలుస్తారు, మనం అమ్మా, నాన్నా అన్నట్టు. ఆవిడ ఒకరోజు నా వేళ్లు చూసి గ్లవ్స్ ఇంకో డబ్బా తెప్పించింది. ఏప్రిల్ 1 నుంచి గంటకి 12.21 అయింది.

జూన్ వస్తే క్లాసులుండవు, పూర్తి సమయం చేసుకుని వడ్డీ మొత్తం కట్టేస్తానని ప్లాన్ వేసుకున్నాను. అదీ కాలేదు. మాస్టర్స్ వాళ్లకి వేసవి సెలవు కాదు, డిసర్టేషన్ రాసే మూడు నెలలూ చదువుకునే కాలమే, కోర్సు ముగిసే తేదీ దాకా 20 గంటలే. ఇంటర్నేషనల్ ఆఫీసుకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకున్నాను. జూన్‌లో ఏజెన్సీ వాళ్లు నాలుగు షిఫ్టులిస్తాం రమ్మంటే కాదనడానికి ఎంత కష్టమైందో చెప్పలేను. ఒక నోటుబుక్కులో సోమవారం నుంచి ఆదివారం వరకు ఏ రోజు ఎన్ని గంటలో రాసుకునేదాన్ని, నాన్న డ్యూటీ దిగాక డబ్బు సరిచూసుకున్నట్టు. క్యాంటీన్‌లో గంటలు తగ్గిన వారం ఏజెన్సీలో ఒక షిఫ్టు, అంతకు మించి లేదు.

మొత్తం ఏడాదికి నా చేతికొచ్చింది 7,000 పౌండ్ల చిల్లర. అద్దె 4,080, తిండికి నెలకి సుమారు 120, బస్సూ ఫోనూ ఇంకో 60. ఇంటికి పంపగలిగింది 60 వేల రూపాయలు. ఫీజులో ఒక్క పౌండు కూడా పార్ట్‌టైమ్‌తో కట్టలేదు, నా చుట్టూ ఉన్న వాళ్లలో కట్టినవాళ్లని కూడా నేను చూడలేదు. తిండీ అద్దే వెళ్లాయి, అది చిన్న విషయం కాదు, నాకు అందులో తృప్తి ఉంది. కానీ ఇల్లు తాకట్టు పెట్టేటప్పుడు వేసుకోవాల్సిన లెక్క అది కాదు. కనీసం నాలుగు నెలల ఖర్చు, 2,500 పౌండ్లకి తగ్గకుండా, చేతిలో ఉంటేనే ఎక్కండి.

కోర్సు 2025 సెప్టెంబరు 19న అయిపోయింది. ఇంకో రెండేళ్లు ఉండి పని చేసుకోవాలంటే అప్పుడు గ్రాడ్యుయేట్ వీసా ఫీజు 880, హెల్త్ సర్‌చార్జి 2,070, మొత్తం 2,950 పౌండ్లు ఒకేసారి కట్టాల్సి ఉండేది. మన డబ్బుల్లో మూడు లక్షల నలభై వేల పైమాటే. నా ఖాతాలో 1,300 ఉన్నాయి. నాన్న ఇంకో అప్పు చేస్తానన్నారు, నేను వద్దన్నాను. 27న ఇంటికొచ్చేశాను, ఈ దసరా ఇంట్లోనే. వైజాగ్‌లో రెండు కంపెనీల ఇంటర్వ్యూలు అయ్యాయి, చూడాలి.

నిన్న మందస అమ్మాయి మళ్లీ వచ్చింది, ఈసారి వాళ్లమ్మని కూడా తీసుకుని. జనవరికి సీటొచ్చింది, వెళ్లడం ఖాయమంది. నేను వెళ్లొద్దనలేదు. ముగ్గురం అరుగు మీద కూర్చుని నా నోటుబుక్కు ముందు పెట్టుకుని లెక్కలు వేశాం, వాళ్లమ్మ తన ముక్కుపుడక తడుముకుంటూ ప్రతి అంకె రెండుసార్లు చెప్పించుకుంది. వెళ్లేటప్పుడు నా సేఫ్టీ షూ తెచ్చి ఇచ్చాను, 22 పౌండ్లు మిగులుతాయి కదా. అక్కడే తొడుక్కుని నాలుగడుగులు వేసింది. ఒక సైజు పెద్దవి. రెండు జతల సాక్సులు వేసుకుంటే సరిపోతాయంది.